రైతుని ఎగతాళి చేసిన 4,000 ఏళ్ల నాటి పాఠం

పై వీడియోలో పంట ఖర్చుల పుస్తకం ఎలా రాసుకోవాలో చూపించాను. "రైతుకి ఈ రాతకోతలు ఎందుకండీ?" అని చాలామంది అడుగుతుంటారు. నా జవాబు ప్రాచీన ఈజిప్టు నుంచి మొదలవుతుంది.

సుమారు 4,000 ఏళ్ల క్రితం అక్కడ ఒక ఉపదేశం రాశారు. ఖేతి అనే తండ్రి, కొడుకు పెపీని లేఖకుల బడిలో చేర్చడానికి పడవలో రాజధానికి తీసుకెళ్తూ, మిగతా పనులన్నీ ఎంత హీనమో చెప్తాడు. రాగిపని చేసేవాడి వేళ్లు మొసలి చర్మంలా ఉంటాయట. కుమ్మరి పందిలా బురదలో పొర్లుతాడట. బట్టలు ఉతికేవాడికి పక్కనే మొసలి. తోటమాలికి కావడి మోసి మోసి మెడ మీద పుండు. పొలం పనివాడి గోడు ఇక చెప్పక్కర్లేదు. లేఖకుడికి మాత్రం పైన పెత్తందారే ఉండడట!

నవ్వొస్తుంది. కానీ "చదవకపోతే బర్రెలు కాసుకో" అని మన ఇళ్లలో అనేదీ ఇదే కదా.

ఇది రాసింది లేఖకులు. తర్వాత కొన్ని వందల ఏళ్లపాటు బడిపిల్లలు దీన్ని రాతి పెచ్చుల మీద, పపైరస్ మీద దిద్దారు. రైతు మాట ఇందులో ఎక్కడా లేదు.

ఇలాంటిదే ఇంకోటి, సాలియే I పపైరస్, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో రైతు పంటని పాము, నీటిగుర్రం, ఎలుకలు, మిడతలు, పిచ్చుకలు వరసగా నాశనం చేస్తాయి. కళ్లంలో మిగిలింది దొంగలు ఎత్తుకుపోతారు. అప్పుడు శిస్తు రాసుకోవడానికి లేఖకుడు ఒడ్డున దిగుతాడు. గింజలు లేవంటే రైతుని కొట్టి, కట్టేసి, బావిలో పడేస్తారు.

పంట తిన్నది పురుగూ పుట్రా. రైతుని కొట్టించింది మాత్రం లెక్క. ఆ లెక్క రాసే కలం రైతు చేతిలో లేదు.

ఖేతి చెప్పిన కష్టం అబద్ధం కాదు. పిల్లాడికి చదువు కావాలన్నదీ నిజమే. చదువంటే పొలం వదిలి పారిపోయే దారి అని నేర్పడమే నాకు నచ్చదు. నేను అగ్రికల్చర్ డిప్లొమా చదివింది పొలంలో వాడటానికే.

ఈరోజుకీ తూకం, తేమ, కోతలు అన్నీ కొనేవాడి చీటీలోనే ఉంటాయి. "ప్రకృతి సేద్యంలో దిగుబడి రాదు" అని ఎవరైనా అంటే, రాసిన లెక్క లేకుండా ఏం జవాబు చెప్తాం? సేంద్రియ సర్టిఫికెట్‌కి కూడా పొలం రికార్డులు అడుగుతారు.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టండి. విత్తనం, జీవామృతం ఎన్నిసార్లు ఇచ్చారు, కూలీలు, దిగుబడి, అమ్మిన ధర, ఇవన్నీ ఏరోజువి ఆరోజే రాయండి. వీలైతే పిల్లల చేత రాయించండి. మన పొలం లెక్క రాసిన పిల్లాడికి దాని విలువేంటో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.