మ్యాప్ పారేసింది ఎవరు?

మన హాస్టల్లో ఏ సినిమాకైనా తీర్పు రెండు మూడు మాటల్లో వచ్చేస్తుంది. బావుంది, ల్యాగ్, వేస్ట్. సస్పెన్స్ సినిమా అయితే ఇంకోటి కూడా ఉంటుంది: "చివరిదాకా కూర్చోబెట్టి ఏమీ చూపించలేదు." పెద్ద హీరో సినిమాకి ఈ మాట తగిలినా పెద్ద నష్టం లేదు, ఫ్యాన్స్ ఉంటారు, రెండో వారం కూడా ఉంటుంది. కొత్తవాళ్లతో, చేతిలో ఉన్న డబ్బుతో, ఊరికి దూరంగా ఎక్కడో అడవిలో తీసుకున్న చిన్న సినిమాకి ఈ ఒక్క మాట చాలు, పని అయిపోతుంది. అందుకే ఈ మాట గురించి కొంచెం మాట్లాడుకోవాలి అనిపించింది.

దీనికి నాకు దొరికిన బెస్ట్ ఎగ్జాంపుల్ ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’. 1999లో వచ్చిన అమెరికన్ సినిమా. అప్పటికి మనలో చాలామంది పుట్టలేదు. అయినా ఇప్పటికీ ఎవరైనా కొత్తగా చూస్తే రెండే మాటలు అంటారు. ఒకటి, ఇంత భయపెట్టిన సినిమా ఇంకోటి లేదు. రెండు, ఇందులో అసలు ఏముంది? మధ్యలో ఉండేవాళ్లు చాలా తక్కువ.

చూడని వాళ్ల కోసం కథ చెప్తాను. చివరి సీన్ కూడా చెప్పేస్తాను, కాబట్టి చూద్దామనుకునేవాళ్లు ఇక్కడ ఆపి, చూసి రండి. హెదర్, జోష్, మైక్ అనే ముగ్గురు కుర్రాళ్లు 1994 అక్టోబర్‌లో మేరీల్యాండ్ రాష్ట్రంలోని బర్కిట్స్‌విల్ అనే ఊరికి వెళ్తారు. అక్కడి అడవిలో ఒక మంత్రగత్తె ఉందని ఊళ్లో ఎప్పట్నుంచో చెప్పుకునే కథ మీద డాక్యుమెంటరీ తీయడం వాళ్ల ప్లాన్. ఊళ్లోవాళ్లని ఇంటర్వ్యూలు చేసి అడవిలోకి వెళ్తారు. దారి తప్పుతారు. మళ్లీ రారు. ఏడాది తర్వాత వాళ్ల కెమెరాల్లో దొరికిన ఫుటేజే మనం చూసే సినిమా. ఇదంతా కల్పితమే, కానీ సినిమా ఎక్కడా అలా ఒప్పుకోదు.

తీసిన విధానం తెలిస్తే నాలాగే మీకూ ముచ్చటేస్తుంది. డైరెక్టర్లు డేనియల్ మిరిక్, ఎడ్వార్డో సాంచెజ్ ఫ్లోరిడాలో ఒకే యూనివర్సిటీలో సినిమా చదువుకున్నవాళ్లు. 1997 అక్టోబర్‌లో ఎనిమిది రోజుల్లో మెయిన్ షూటింగ్ ముగించేశారు. ఆ షూటింగ్‌కి అయిన ఖర్చు 35 వేల నుంచి 60 వేల డాలర్ల మధ్య అంటారు. ఎడిటింగ్, సౌండ్ లాంటివి తర్వాత కలిశాయి. సెట్ లేదు, మేకప్ లేదు, గ్రాఫిక్స్ లేవు. కెమెరామెన్ కూడా వేరే లేరు, నటించిన ముగ్గురే కెమెరాలు మోసుకుంటూ తీశారు. పూర్తి డైలాగులు రాసివ్వలేదు, కథ అవుట్‌లైన్ మాత్రమే ఇచ్చారు. ఆ రోజు ఎవరు ఏం చేయాలో చిన్న చీటీల్లో రాసి అడవిలో ఒక చోట పెట్టేవాళ్లు. జీపీఎస్ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి ఎవరి చీటీ వాళ్లు తీసుకోవాలి. ఒకరి చీటీ ఇంకొకరికి తెలియదు. రోజురోజుకీ తిండి తగ్గించారు. రాత్రి టెంట్‌ని బయట నుంచి కుదిపింది డైరెక్టర్లే. స్క్రీన్ మీద కనిపించే నీరసం, చిరాకు చాలావరకు నిజమైనవే అన్నమాట. దాదాపు 20 గంటల ఫుటేజ్ నుంచి 81 నిమిషాల సినిమా కోశారు. ప్రపంచం మొత్తం మీద అది సుమారు 24.8 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

ఇప్పుడు అభిప్రాయాల సంగతి. రోజర్ ఎబర్ట్ లాంటి పెద్ద క్రిటిక్ నాలుగుకి నాలుగు స్టార్లు ఇచ్చాడు. అదే అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ థియేటర్ నుంచి బయటికొచ్చే ప్రేక్షకులని గ్రేడ్ అడుగుతుంది. వాళ్లు ఇచ్చింది సీ ప్లస్. మన భాషలో చెప్పాలంటే ఏదో పాస్ అయ్యిందంతే. ఒకే సినిమా, ఒకరికి ఔటాఫ్ ఔట్, ఇంకొకరికి బోర్డర్ మార్కులు. క్రిటిక్‌కి తెలివి ఎక్కువ, జనానికి తక్కువ అనేసి ఊరుకుంటే ఈజీ. నేను దాన్ని నమ్మను. టికెట్ కొన్నవాడి చిరాకులో కూడా ఏదో ఒక నిజం ఉంటుంది. కాకపోతే ఆ చిరాకు సరిగ్గా దేని మీదో విడదీసి చూడాలి.

ముందు "ఏమీ చూపించలేదు" అనే మాట. మంత్రగత్తెని చూపించని మాట నిజం. మరి ఏం చూపించారు? పొద్దున లేచేసరికి టెంట్ బయట మూడు రాళ్ల కుప్పలు. ఉన్నది ముగ్గురు. చెట్లకి వేలాడదీసిన పుల్లల బొమ్మలు, మనిషి ఆకారంలో. రాత్రిపూట చిన్నపిల్లల గొంతులు. ఒక రోజంతా దక్షిణం వైపే నడిచి నడిచి, సాయంత్రానికి మళ్లీ పొద్దున వాగు దాటిన అదే దుంగ దగ్గరికి రావడం. ఆఖరి సీన్‌లో పాడుబడ్డ ఇంటి కింది గదిలో మైక్ గోడ వైపు తిరిగి మూల నిలబడి ఉంటాడు. అంతే, సినిమా అయిపోతుంది. "ఇదేం ఎండింగ్?" అని అడిగేవాళ్లు మొదట్లో ఒక ఊరాయన చెప్పింది గుర్తు చేసుకోవాలి. వెనకటికి పిల్లల్ని చంపిన ఒకడు, ఒకరిని చంపేటప్పుడు ఇంకొకరిని మూల నిలబెట్టేవాడట. ఆ ఒక్క మాట వినుంటే ఆఖరి సీన్‌కి ఒళ్లు జలదరిస్తుంది. ఫోన్ చూసుకుంటూ మిస్సయితే ఎవడో గోడ వైపు నిలబడ్డాడు అంతే. సినిమా చూపించింది, మనం చూశామా అనేది వేరే ప్రశ్న.

ఎలా చూశాం అనేది కూడా చిన్న విషయం కాదు. మా ఫ్లోర్‌లో కొంతమంది ఈ సినిమాని ట్యూబ్‌లైట్ వెలుగులో, చిప్స్ ప్యాకెట్లు చప్పుడు చేస్తూ, పది సెకన్ల ఫార్వర్డ్ బటన్ నొక్కుకుంటూ చూశారు. నవ్వుకున్నారు. మా రూమ్మేట్ రాత్రి ఒంటిగంటకి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసి, తర్వాత వాష్‌రూమ్‌కి తోడు రమ్మని నన్ను లేపింది. ఇద్దరి రివ్యూలూ నిజాయితీ గలవే. కానీ ఈ సినిమా సగం చెవులతో చూడాల్సింది. చీకట్లో పుల్ల విరిగిన శబ్దం మీద ఆధారపడ్డ సీన్‌ని ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తే నిజంగానే అందులో ఏమీ ఉండదు.

చూపించకుండా భయపెట్టడం మనకేం కొత్త కాదు కదా. కరెంటు పోయిన రాత్రి అరుగు మీద కూర్చుని మా అమ్మమ్మ కొరివి దయ్యం కథ చెప్పేది. పొలాల అవతల నిప్పు కదులుతూ కనిపిస్తుంది, పిలిస్తే పలక్కూడదు అని. ఆ దయ్యానికి మొహం ఎలా ఉంటుందో ఎప్పుడూ చెప్పలేదు, మేం అడగలేదు. అవతల చీకటి ఉంది, అది చాలు. సినిమాల్లో కూడా రాంగోపాల్ వర్మ 2009లో ‘అడవి’ తీశాడు. షూటింగ్ కోసం అడవికి వెళ్లిన యూనిట్‌ని ఏదో ఒకటి ఒక్కొక్కరిగా చంపుతుంది, అదేంటో చివరికి కూడా కనిపించదు. అక్కడ స్టార్లు, పాటలు ఉన్నాయి కాబట్టి అలాంటి సినిమాకి టికెట్ కొన్నవాడు "చూపించండి" అని అడగడంలో న్యాయముంది. మొదటి నిమిషం నుంచి చేతి కెమెరా, చీకటి తప్ప ఇంకేమీ ఇవ్వనని చెప్పిన సినిమాని అదే అడగడం అంత న్యాయంగా అనిపించదు నాకు.

ఇక రెండో అభిప్రాయం, నాకు ఎక్కువ మండేది. "ఆ హెదర్ అరుపులు భరించలేం బాబోయ్. అందరినీ ముంచింది ఆవిడే."

మినీ ప్రాజెక్ట్ చేసిన ఎవరికైనా ఈ సినిమా అడవి గురించి కాదని తెలుస్తుంది. ముగ్గురు బ్యాచ్, ఒక లీడ్, డెడ్‌లైన్, తలో మాట. హెదర్ లీడ్. దారి తెలుసని మొండికేస్తుంది, ఏడుస్తున్నవాళ్ల మొహం మీద కూడా కెమెరా ఆపదు. తప్పుందా? ఉంది. కానీ మ్యాప్ పారేసింది హెదర్ కాదు. మైక్. చిరాకొచ్చి వాగులో పడేసి, వాళ్లు వెతుక్కుంటుంటే చాలాసేపు చెప్పకుండా ఉండి, తర్వాత నవ్వుతూ చెప్తాడు. ఆ తర్వాత జోష్ కెమెరా లాక్కుని హెదర్ మొహం మీద పెట్టి, ఆమె ఏడ్చేదాకా దెప్పుతాడు. ముగ్గురూ అరుస్తారు. బయటికొచ్చిన ప్రేక్షకుడికి మాత్రం ఒక్కరి అరుపులే గుర్తుంటాయి. మా ఫ్లోర్‌లో సినిమా చూసినవాళ్లని "మ్యాప్ ఎవరు పారేశారు?" అని అడిగాను. "హెదరే కదా" అన్నవాళ్లు ఉన్నారు. పోయిన సెమ్‌లో మా టీమ్ లీడ్ నేనే కాబట్టి ఆ ఆన్సర్ నాకు పెద్ద ఆశ్చర్యం కలిగించలేదు. అబ్బాయి గట్టిగా అంటే స్ట్రిక్ట్, అమ్మాయి అంటే ఓవరాక్షన్.

ఇది సినిమా వరకే ఆగుంటే ఇంత రాసేదాన్ని కాదు. ఆ ముగ్గురూ సొంత పేర్లతోనే నటించారు. సినిమా అమ్ముకోవడానికి వాళ్లు నిజంగానే తప్పిపోయారని వెబ్‌సైట్ పెట్టారు, పోస్టర్లు వేశారు. ఐఎమ్‌డీబీలో కూడా ‘మిస్సింగ్, చనిపోయారని భావిస్తున్నారు’ అన్నట్టే ఉండేది. హెదర్ డొనాహ్యూ వాళ్లమ్మకి సానుభూతి కార్డులు వచ్చాయట, కూతురు బతికుండగానే. నిజమనుకుని టికెట్ కొని, కాదని తెలిశాక మోసపోయామనుకున్న జనం కోపం ఎవరి మీద తీర్చుకోవాలి? ప్రచారం నడిపినవాళ్ల మీద. కానీ చెత్త సినిమాలకి ఇచ్చే రాజీ అవార్డుల్లో ఆ ఏడాది వర్స్ట్ యాక్ట్రెస్ ఎవరో తెలుసా? హెదర్ డొనాహ్యూ. ఆకలితో, చలిలో, సొంతంగా మాటలు అల్లుకుంటూ, సొంత చేతుల్తో కెమెరా పట్టుకుని నటించిన మనిషికి ఆ బహుమతి. సినిమా కోట్లు సంపాదించాక కూడా నటుల కష్టాలు తీరలేదు. 2024లో కొత్త బ్లెయిర్ విచ్ సినిమా తీస్తామని ప్రకటన రాగానే, తమకి న్యాయంగా రావాల్సిన డబ్బు ఇమ్మని ఆ ముగ్గురూ లయన్స్‌గేట్ సంస్థకి బహిరంగంగా లెటర్ రాయాల్సి వచ్చింది. పాతికేళ్ల తర్వాత!

అంటే ఈ సినిమాని తిట్టకూడదని కాదు. తిట్టాల్సినవి ఉన్నాయి. కెమెరా ఊపుడికి థియేటర్లలో కళ్లు తిరిగి వాంతులు చేసుకున్నవాళ్లున్నారు, వాళ్లు అబద్ధం చెప్పలేదు. మధ్యలో నడక, గొడవ, రాత్రి, మళ్లీ నడక అనే లూప్ రెండు సార్లు ఎక్కువే తిరిగింది. నటుల్ని ఆకలితో ఉంచి రియలిజం రాబట్టడం నాకు గొప్పగా అనిపించదు. నిజమని నమ్మించి అమ్మడం అయితే మోసమే. ఇవన్నీ మంచి కంప్లెయింట్లు. ఎందుకంటే ఇవి సినిమా చూసి చెప్పినవి, ఎవరి తప్పు వాళ్ల ఖాతాలో వేసినవి.

మన కాలేజీలో కూడా ప్రతి ఫెస్ట్‌కి ఎవరో ఒకరు షార్ట్ ఫిల్మ్ తీస్తారు. బడ్జెట్ అంటే పాకెట్ మనీ, లొకేషన్ అంటే బ్యాక్ గేట్ అవతల తుమ్మ చెట్లు. స్క్రీనింగ్ అయిన ఐదు నిమిషాలకే గ్రూపులో మీమ్ వచ్చేస్తుంది, ఎప్పుడూ నటించిన అమ్మాయి మొహం మీదే. దాని తర్వాత ఎంతమంది అమ్మాయిలు నటించడానికి ముందుకొస్తారో క్లబ్ వాళ్లని అడగండి. మన అభిప్రాయం ఉత్త టైంపాస్ మాట కాదు, అవతలివాళ్లు ఇంకోసారి ప్రయత్నించాలా వద్దా అనేది కొన్నిసార్లు దాని మీదే ఉంటుంది.

కాబట్టి ‘బ్లెయిర్ విచ్’ చూడండి. లైట్లు ఆపి, ఫార్వర్డ్ చేయకుండా చూడండి. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, వచ్చే సంచికలో వేద్దాం. ఒక్కటే కండిషన్. "ఏమీ చూపించలేదు" అని రాస్తే, దాని కిందే ఏమేం చూపించారో ఓ ఐదు వాక్యాలు రాయాలి. అందులో మ్యాప్ పారేసింది ఎవరో కూడా ఉండాలి.