అధికారభాషా శాసనం ఎవరిని బంధించాలి?

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఆంగ్లం అధికారభాష అని 2025 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కార్యనిర్వాహక ఉత్తర్వు ద్వారా ప్రకటించారు. 1787లో రూపొందిన ఆ దేశ రాజ్యాంగంలో అధికారభాషా ప్రస్తావన లేదు. సమాఖ్య స్థాయిలో అంతవరకు ఏ భాషకూ ఆ ప్రతిపత్తి కల్పింపబడలేదు. అయినను పరిపాలన, న్యాయం, వాణిజ్యం ప్రధానంగా ఆంగ్లంలోనే సాగుతూ వచ్చాయి. అట్టి దేశానికి ఇట్టి ప్రకటన ఎందుకు కావలసివచ్చినదన్నది భాషాధ్యాపకులు విచారింపదగిన విషయం.

ఈ వాదాన్ని సమర్థించేవారి మాటను తేలికగా తీసివేయరాదు. రాజ్యాంగ సవరణ ద్వారా ఆంగ్లాన్ని అధికారభాషగా చేయాలని 1981లో ప్రతిపాదించిన సెనేటర్ ఎస్.ఐ. హయకావా స్వయంగా అర్థవిజ్ఞాన పండితుడు; జపాను దంపతులకు కెనడాలో జన్మించినవాడు. ఉమ్మడి భాష జాతిని ఏకం చేస్తుందని, వలస వచ్చినవారికి అది ఉన్నతికి సోపానమని ఈ పక్షంవారి అభిప్రాయం. ముప్పైకి పైగా రాష్ట్రాలు ఇట్టి శాసనాలు చేసికొన్నాయి.

అయితే ఉమ్మడి భాష ఉండాలనడం వేరు, దానికి శాసనం కావాలనడం వేరు. శబ్దప్రయోగానికి లోకమే ప్రమాణమని మన వైయాకరణులు ఏనాడో అంగీకరించారు. అమెరికాలో సుమారు 78 శాతం మంది ఇంట కూడ ఆంగ్లమే మాట్లాడుతున్నారు. వలస కుటుంబాలలో మూడవ తరం నాటికి పెద్దల భాష చాలావరకు మరుగున పడుతున్నది. కనుక ఈ ఉత్తర్వు వలన ఆంగ్లానికి కొత్తగా ఒనగూడే బలం స్వల్పం. దాని అసలు ఫలితం మరొకచోట ఉన్నది. ఆంగ్లం అంతగా రానివారికి కూడ తమ సేవలు అందేలా సమాఖ్య సంస్థలు ఏర్పాట్లు చేయాలని 2000లో అధ్యక్షుడు క్లింటన్ జారీచేసిన ఉత్తర్వును ఇది రద్దుచేసింది. ఇతర భాషల పత్రాలను నిషేధించలేదు. వాటిని కొనసాగించడం, మానడం సంస్థల విచక్షణకు విడిచింది. అనగా నిన్నటివరకు బాధ్యతగా ఉన్నది నేడు ఐచ్ఛికమైనది. బిడ్డల వద్దకు వెళ్ళి స్థిరపడి, ఆంగ్లం అంతగా రాని తెలుగు వృద్ధులకు కూడ ఈ భేదం చిన్నది కాదు.

భాషాశాసనాలను పరీక్షించుటకు ఇక్కడ ఒక గీటురాయి లభిస్తున్నది. ఆ శాసనం బంధించేది ప్రభుత్వాన్నా, పౌరుణ్ణా? నెబ్రాస్కా రాష్ట్రం 1919లో ఎనిమిదవ తరగతి పూర్తికాని పిల్లలకు పరభాషలు బోధించరాదన్నది. జర్మన్ చదువు చెప్పిన ఉపాధ్యాయునికి శిక్ష పడగా, 1923లో సుప్రీంకోర్టు ఆ శాసనం చెల్లదని తీర్పు చెప్పింది. హవాయిలో 1896 నాటి శాసనం ఆంగ్లాన్ని బోధనభాషగా విధించి, బడులనుండి హవాయి భాషను తొలగించింది. ఇవి పౌరుణ్ణి బంధించిన శాసనాలు. 1978లో అదే హవాయి తన రాజ్యాంగంలో ఆంగ్లంతోపాటు హవాయి భాషకు కూడ అధికారప్రతిపత్తి కల్పించింది. ఇది ప్రభుత్వాన్ని బంధించిన శాసనం.

మన 1966 నాటి ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టం ఈ రెండవ కోవకు చెందినది. ప్రజలకు తెలిసిన భాషలో ప్రభుత్వం మాట్లాడాలన్నది దాని ఆశయం. బలమైన భాషకు శాసనం అనవసరం కావచ్చు గాని, బలమైన భాష నీడలో ఉన్న భాషకు అది అవసరమే. అయినను శాసనమొక్కటే చాలదనుటకు నేటికీ ఆంగ్లంలో వెలువడే ఉత్తర్వులే సాక్ష్యం.

అదే గీటురాయిపై మనలను కూడ పరీక్షించుకొనవలసి ఉన్నది. తెలుగులో నడిచే కార్యాలయానికి వచ్చిన గోండి, కోయ, సవర భాషీయునికి మన అధికారభాష ద్వారం తెరుస్తున్నదా, మూస్తున్నదా? అమెరికా ఉత్తర్వును విమర్శించే అర్హత ఈ ప్రశ్నకు మనమిచ్చే సమాధానంపై ఆధారపడి ఉన్నది.