గెలిచినవాళ్ళ లెక్క సరే, మన లెక్క ఎక్కడ?



హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మునిసిపల్ ఎన్నికల గురించి రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. చదువు గురించో, ఉద్యోగాల గురించో రాస్తే బాగుండేది కదా అని కూడా అనవచ్చు. మేము ఏ పార్టీ తరఫునా రాయడం లేదు. మనం తాగే నల్లా నీళ్ళ గురించి, మన గేటు ముందు మోరీ గురించి, మన గల్లీలో వెలగని లైటు గురించి రాస్తున్నాం. వీటన్నిటికీ దారి కార్పొరేషన్ ఎన్నికల ఫలితాల నుంచే పోతుంది.

ముందు ఒక సంఘటన చెబుతాం. కొన్నేళ్ళ కింద ఒక వానాకాలంలో హాస్టల్ గేటు ముందు మోరీ పొంగింది. మూడు రోజులు ఆ మురికినీళ్ళలోనే పుస్తకాలు నెత్తిన పెట్టుకొని కాలేజీకి పోయాం. నాలుగో రోజు అయిదుగురం కలిసి దరఖాస్తు రాసుకొని ఒక ఆఫీసుకు వెళ్ళాం. ఏ ఆఫీసో ఇక్కడ అనవసరం. అక్కడున్న పెద్దమనిషి కాగితం చదివి, "మీ ఓట్లు ఎక్కడున్నయి తమ్మీ?" అని అడిగాడు. ఒకరు జనగామ అన్నారు, ఒకరు మెదక్ అన్నారు, ఒకరు నల్లగొండ అన్నారు. ఆయన నవ్వి, "గట్లయితే మీ ఊర్లనే చెప్పుకోండ్రి" అన్నాడు.

ఆ ప్రశ్న న్యాయమైనది కాదు. ఓటు ఉన్నా లేకున్నా ఈ నగరంలో ఉండే ప్రతి మనిషికీ మోరీ బాగు చేయమని అడిగే హక్కు ఉంది. ఈ మాట ఆ రోజు ఆయనతో అనలేకపోయాం. ఆయన మాట తప్పే అయినా అందులో ఒక నిజం ఉంది. నాయకులైనా, ఆఫీసులైనా ముందు ఓటర్ల జాబితా చూస్తారు. ఆ జాబితాలో మన హాస్టల్ అడ్రసు మీద ఒక్క పేరు కూడా లేదు. ఆ నవ్వు ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. ఈ వ్యాసానికి అదే కారణం.

ఇప్పుడు ఫలితాలు చూద్దాం. హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడింది. 2009 నవంబరులో 150 వార్డులకు తొలి ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్‌కు 52, తెలుగుదేశానికి 45, మజ్లిస్‌కు 43 వచ్చాయి. ఎవరికీ సొంతంగా మెజారిటీ రాలేదు. 2016 ఫిబ్రవరిలో అప్పటి టీఆర్ఎస్ ఏకంగా 99 గెలిచింది. మజ్లిస్‌కు 44, బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 2, తెలుగుదేశానికి 1 దక్కాయి. 2020 డిసెంబరులో మళ్ళీ అంతా మారింది. టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. రెజిమెంటల్ బజార్ పరిసరాలు ఉన్న మోండా మార్కెట్ డివిజన్ 2016లో టీఆర్ఎస్‌కు, 2020లో బీజేపీకి వచ్చింది.

పేపర్లలో, టీవీల్లో ఈ అంకెల మీద రోజుల తరబడి చర్చ జరిగింది. ఎవరు పెరిగారు, ఎవరు తరిగారు అన్నారు. కానీ మూడు ఎన్నికల్లోనూ పెద్దగా మారని అంకె ఒకటుంది. దాని మీద చర్చ తక్కువ. 2009లో ఓటు వేసినవాళ్ళు నూటికి 42 మంది. 2016లో 45 మంది. 2020లో 46 మంది. అంటే ప్రతిసారీ సగానికి పైగా నగరం ఇంట్లోనే కూర్చుంది. అందరికంటే ఎక్కువ "సీట్లు" వచ్చింది ఓటు వేయనివాళ్ళ పార్టీకే అనుకోవచ్చు.

ఆ నూటికి నూరులో మన లెక్క అసలు లేదు. పేరుండి ఓటు వేయనివాళ్ళను గైర్హాజరు అంటారు. మనకు హాజరు పట్టీలోనే పేరు లేదు. ఈ నగరంలో సంక్షేమ హాస్టళ్ళలో, అద్దె గదుల్లో, కోచింగ్ సెంటర్ల చుట్టూ ఎన్ని వేలమంది విద్యార్థులు ఉంటారో ఆలోచించండి. ఇంటర్‌కు వచ్చి పీజీ దాకా ఉంటే ఏడేళ్ళు. పాలకమండలి గడువు అయిదేళ్ళు. ఒక కార్పొరేటర్ పదవీకాలం కంటే మనలో చాలామంది ఈ గల్లీలో ఎక్కువ కాలం ఉంటున్నాం. అయినా మనం "బయటోళ్ళమే".

ఒక్క హాస్టల్ ఓట్లతో ఏమవుతుందని అడగవచ్చు. 2020లో బి.ఎన్.రెడ్డి నగర్ వార్డు ఫలితం యాభై లోపు ఓట్ల తేడాతో తేలింది. మన హాస్టల్‌లో రెండు మూడు గదుల్లో ఉండేంతమందే కదా! నేరేడ్‌మెట్‌లో ఇంకో విచిత్రం జరిగింది. స్వస్తిక్ ముద్ర బదులు వేరే ముద్ర పడిన బ్యాలెట్లు, అభ్యర్థి ఆధిక్యం కంటే ఎక్కువగా ఉండడంతో ఫలితం ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టు దాకా పోయి, కొన్ని రోజుల తర్వాత తేలింది. నగరం మొత్తం మీద చూసినా ఆ ఎన్నికల్లో మొదటి రెండు పార్టీలకు వచ్చిన ఓట్ల శాతంలో తేడా ఒక్క శాతం కూడా లేదు. వార్డు అంటే చిన్న లెక్క. చిన్న లెక్కలో ఒక్కొక్క ఓటుకు బరువు ఎక్కువ.

అసలు ఎన్నికలే లేకపోతే ఎలా ఉంటుందో కూడా ఈ నగరానికి తెలుసు. 1986 తర్వాత హైదరాబాద్ కార్పొరేషన్‌కు మళ్ళీ ఎన్నికలు జరిగింది 2002లో. మధ్యలో 1993లో 74వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. అయిదేళ్ళకోసారి ఎన్నికలు జరపాలని, ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లు కేటాయించాలని అది చెప్పింది. అయినా తొమ్మిదేళ్ళు ఆగాల్సి వచ్చింది. మన పక్కనే ఉన్న సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను చూడండి. అక్కడ బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. 2023 ఏప్రిల్ 30న మళ్ళీ జరుగుతాయని ప్రకటించి, తర్వాత రద్దు చేశారు. గల్లీ సమస్య చెప్పుకోవడానికి ఎన్నికైన మనిషి లేకపోతే ఎంత కష్టమో అక్కడి బస్తీలవాళ్ళను అడిగితే చెబుతారు. ఉన్న హక్కును వాడుకోకుండా వదిలేసినా చివరికి మిగిలేది అదే.

మన ఓటు ఎక్కడ ఉండాలన్న దాని గురించి చట్టం ఏమంటుందో చాలామందికి తెలియదు. మాకూ మొన్నటిదాకా తెలియదు. హాస్టల్‌లో ఉండి చదువుకునే విద్యార్థి తన ఊళ్ళో తల్లిదండ్రుల దగ్గరైనా, హాస్టల్ అడ్రసు మీదైనా ఓటరుగా నమోదు కావచ్చు. ఆ ఎంపిక విద్యార్థిదే. గుర్తింపు పొందిన, ఏడాదికి తక్కువ కాని కోర్సు అయి ఉండాలి. ప్రిన్సిపాల్ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ జతచేయాలి. కొత్తగా నమోదు కావడానికి ఫారం 6, ఉన్న ఓటును మార్చుకోవడానికి ఫారం 8. కార్పొరేషన్ ఎన్నికల వార్డు జాబితాలను అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తయారు చేస్తారు కనుక అందులో పేరు ఉంటే ఇక్కడా వస్తుంది. ఒకటే షరతు. రెండు చోట్ల ఓటు ఉండకూడదు, అది నేరం.

ఈ విషయంలో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం పద్ధతి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. మన తెలుగువాళ్ళు కూడా ఎందరో చదువులకు పోతున్న రాష్ట్రమది. అక్కడ మునిసిపల్ ఎన్నికలు నాలుగేళ్ళకోసారి జరుగుతాయి. బ్యాలెట్ మీద పార్టీల పేర్లు ఉండవు. ఒక ఊరి నుంచి వచ్చి ఇంకో ఊళ్ళో చదువుకుంటున్న విద్యార్థి, ఆ దేశ పౌరుడైతే, తన సొంత ఊరి మునిసిపల్ ఎన్నికల్లోనూ, చదువుకునే ఊరి ఎన్నికల్లోనూ, రెండింటిలోనూ ఓటు వేయవచ్చు. నువ్వు రెండు ఊళ్ళవాడివి, రెండు ఊళ్ళ మంచిచెడ్డలూ నీవే అని చట్టమే ఒప్పుకుందన్నమాట. అలాగని అక్కడ అంతా బంగారమేమీ కాదు. 2022 ఎన్నికల్లో టొరంటోలో ఓటు వేసినవాళ్ళు మూడో వంతు కూడా లేరు. హక్కు ఇచ్చినంత మాత్రాన మనిషి కదలడని దీన్నిబట్టి తెలుస్తుంది. మనకు రెండు ఓట్లు లేవు. ఉన్న ఒక్కదానినైనా ఆలోచించి ఒకచోట పెట్టుకోవాలి కదా.

ఈ మాట హాస్టల్ మీటింగులో చెప్పినప్పుడు వచ్చిన అభ్యంతరాలు కూడా ఇక్కడ రాయడం న్యాయం.

మొదటిది, ఊరి సంగతి. "అన్నా, మా సర్పంచి ఎన్నికల్ల మా ఇంటోళ్ళకు నా ఓటు కావాలె" అన్నాడొక తమ్ముడు. అది కొట్టిపారేసే మాట కాదు. 2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు మనలో ఎంతోమంది బస్సులెక్కి ఊళ్ళకు పోయారు. మన వాడల నుంచి ఒక మనిషి సర్పంచి కుర్చీలో కూర్చోవడానికి ఒక్కొక్క ఓటూ అవసరమయ్యే ఊళ్ళున్నాయి. అటువంటి తమ్ముళ్ళు ఊళ్ళోనే ఓటు ఉంచుకోవాలి. చదువు చివరి సంవత్సరంలో ఉన్నవాళ్ళు కూడా మార్చుకోవడం దండగ. కానీ ఇంకా మూడు నాలుగేళ్ళు ఇక్కడే ఉండేవాళ్ళు, ఊళ్ళో ఓటున్నా ఎప్పుడూ పోయి వేయనివాళ్ళు మరోసారి ఆలోచించాలి. అక్కడా వేయక, ఇక్కడా లేక, ఆ ఓటు ఎవరికి పనికొచ్చినట్టు?

రెండోది, భయం. ఓటు ఇక్కడికి మార్చుకుంటే రేషన్ కార్డులో పేరు పోతుందని, కులం సర్టిఫికెట్ రాదని, స్కాలర్‌షిప్ ఆగుతుందని కొందరి భయం. ఓటరు జాబితా వేరు, రేషన్ కార్డు వేరు, కులం సర్టిఫికెట్ వేరు. ఓటు మార్చుకున్నంత మాత్రాన కులం మారదు, పుట్టిన ఊరు మారదు. అయినా అనుమానముంటే వార్డెన్ సారును, మండల ఆఫీసును అడిగి తెలుసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. మనకు ఇక్కడ వంద ఓట్లు ఉన్నాయని తెలిస్తే రేపు ఎవరో ఒకరు బిర్యానీ ప్యాకెట్లతో, క్రికెట్ కిట్లతో గేటు ముందు నిలబడతారని ఒక అన్న హెచ్చరించాడు. నిజమే. హాస్టల్ ఓట్లన్నీ గంపగుత్తగా ఇప్పిస్తానని బేరం పెట్టే మనిషి మనలోనుంచే పుట్టవచ్చు. అందుకే మా మాట ఇది. జాబితాలో పేర్లు అందరం కలిసి ఎక్కించుకుందాం. ఓటు మాత్రం ఎవరిది వారే వేసుకుందాం. అభ్యర్థులందరినీ గేటు దగ్గరికి పిలిచి మోరీ గురించి, నల్లా గురించి, లైటు గురించి ఒకే ప్రశ్నలు అడుగుదాం. వాళ్ళు చెప్పిన జవాబులు నోటీసు బోర్డు మీద రాసి పెడదాం. ఆ తర్వాత ఎవరు ఎవరికి వేశారని అడగవద్దు, చెప్పవద్దు.

ఈ హక్కు మనకు ఊరికే రాలేదు. ఆస్తి ఉన్నవాళ్ళకు, చదువు ఉన్నవాళ్ళకు, పన్ను కట్టేవాళ్ళకే ఓటు అన్న కాలంలో, 1928లో సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు కావాలని అడిగినవారు బాబాసాహెబ్ అంబేద్కర్. అది రాజ్యాంగంలో 326వ అధికరణంగా నిలిచింది. అప్పుడు 21 ఏళ్ళుగా ఉన్న ఓటు వయసు 61వ సవరణతో 1989లో 18కి తగ్గింది. కనుకనే డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడి చేతికి కూడా ఇప్పుడు సిరా గుర్తు పడుతోంది. 21 ఏళ్ళు నిండినవాడు కార్పొరేటర్‌గా పోటీ కూడా చేయవచ్చు. 2020లో 150 వార్డుల్లో 10 ఎస్సీలకు, 2 ఎస్టీలకు కేటాయించారు. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో తేల్చే జాబితాలో మనమే లేకపోతే ఎలా?

2021 ఫిబ్రవరిలో ప్రమాణం చేసిన పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరితో ముగిసింది. అంతకు ముందే, 2025 చివర్లో, చుట్టుపక్కల 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లు నగరంలో కలిపి వార్డులను 300గా విభజించారు. హద్దులు, పేర్లు మారుతున్నాయి కనుక పాత డివిజన్ పేరు పట్టుకొని కూర్చోవద్దు. మన గల్లీ ఏ వార్డులో ఉందో జాబితా చూసి తెలుసుకోండి. 17 ఏళ్ళు దాటిన తమ్ముళ్ళు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022 నుంచి జనవరి 1తో పాటు ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీల నాటికి 18 నిండినవాళ్ళకు కూడా అవకాశం ఇస్తున్నారు. పూర్వ విద్యార్థులైన అన్నలకు కూడా ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చి ఫ్యాన్లు, పుస్తకాలు ఇచ్చి పోతున్నారు, సంతోషం. ఈసారి ఒక ఆదివారం వచ్చి తమ్ముళ్ళ పక్కన కూర్చొని ఫారాలు నింపించండి. అది కూడా విరాళమే.

ఈసారి ఫలితాలు వచ్చిన రోజు హాస్టల్ టీవీ ముందు మనం చప్పట్లు కొడతామో, నిట్టూరుస్తామో తెలియదు. ఆ అంకెల్లో మన అంకె కూడా ఉంటే చాలు. మళ్ళీ ఎప్పుడైనా మోరీ పొంగి, దరఖాస్తు పట్టుకొని పోతే, "మీ ఓట్లు ఎక్కడున్నయి తమ్మీ?" అని ఎవరైనా అడిగితే, "ఈడనే సార్, రెజిమెంటల్ బజార్లనే" అని చెప్పాలి. ఓటున్నా లేకున్నా మోరీ బాగు చేయాల్సిందేనని కూడా, ఈసారి మరిచిపోకుండా, చెప్పాలి.

జై భీమ్!