కరెంటు కారు: ధైర్యం ఒక్కటే చాలదు



2024 నవంబర్‌లో ప్రభుత్వం రోడ్ ట్యాక్స్ తీసేశాక జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు కరెంటు కార్లు బాగా కనబడుతున్నాయి. యాక్సిడెంట్ అయ్యో, వరదలో మునిగో ఇన్సూరెన్స్ వాళ్లు వేలం వేసిన బండి చివరికి చిన్న షెడ్డుకే వస్తది. అక్కడ స్పానర్ పట్టేది మన తమ్ముళ్లలాంటోళ్లే.

పెట్రోల్ బండి అలవాటుతో దీన్ని విప్పొద్దు. నారింజ రంగు కేబుళ్లలో 300-400 వోల్టులుంటది. తాళం తీసినా బ్యాటరీలో కరెంటు పోదు. తడిసిన బ్యాటరీ కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. పార్ట్ మార్చినా, సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకపోతే బండి కదలదు.

అందుకే "చూసి నేర్చుకుంటాంలే" అనడం తప్పంటాను. ఐటీఐల్లో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ కోర్సు ఉంది, అందులో చేరండి. రబ్బరు గ్లవ్స్ ఇవ్వని ఓనర్ దగ్గర బ్యాటరీ ముట్టొద్దు. రిపేర్ మాన్యువల్ బయటి మెకానిక్కులకూ ఇవ్వాలని మనమూ అడగాలి. కొత్త పని వస్తోంది, అందులో మనం హెల్పర్లుగానే మిగిలిపోవద్దు.