మోటబావి గట్టున గిజిగాడు

మిరప ధర పడిపోయిన ఏడాది అది. కోత కూలీలకు, పురుగుమందుల దుకాణానికి, కోల్డ్ స్టోరేజీకి ఇవ్వవలసినవి ఇచ్చి చూసుకుంటే మాకు మిగిలింది బాకీయే. రాత్రులు నిద్ర దూరమైంది. ఫజ్ర్ నమాజు ముగిశాక ఇంటికి మరలడానికి మనసొప్పక, సత్తెనపల్లి శివారులోని మా చేనికి నడిచి, పాత మోటబావి గట్టున కూర్చోవడం అలవాటైంది. ఒకప్పుడు చిన్న సంతోషం కలిగినా నాలుగు పంక్తులు పద్యంగా రాసుకునేవాళ్ళం. ఆ ఏడాది అదీ ఆగిపోయింది.

తొలకరి పడిన తర్వాత ఒక ఉదయం, బావి మీదికి వంగిన నల్లతుమ్మ కొమ్మకు పచ్చి గడ్డిపీచు ఒకటి వేలాడుతూ కనిపించింది. అంతలో, తలకు పసుపు టోపీ పెట్టుకున్నట్టున్న చిన్న పిట్ట వచ్చి, ఆ పీచును ముక్కుతో లాగి ముడి వేసింది. గిజిగాడు! చిన్ననాటి నుండి ఎరిగిన పిట్టే. అయితే దాన్ని ఒక్కనాడూ నిలబడి చూడలేదని అప్పుడే గుర్తుకు వచ్చింది.

గూడు అల్లేది మగపిట్ట. పొడవాటి గడ్డి ఆకు అంచును కొరికి, ఆ కొసను పట్టుకుని ఎగురుతుంది. సన్నని పీచు చీలి వస్తుంది. ఒక్క గూటి కోసం అది ఇలా 500 సార్ల వరకు తిరుగుతుందట. గూడు సగమై, బోర్లించిన బుట్ట ఆకారానికి వచ్చాక పని ఆపి, రెక్కలాడిస్తూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపల దూరి పరిశీలిస్తుంది. మెచ్చితేనే మిగతా అల్లిక, కిందికి వేలాడే గొట్టం. గూటిలో మట్టి అద్ది, మిణుగురును దీపంగా అంటిస్తుందని మా దాదీ చెప్పేవారు. మట్టి మాట నిజమే, దీపం మాత్రం దాదీ ముచ్చట!

మా కళ్ళ ముందే ఒక మగపిట్ట వారం రోజుల కష్టం వృథా అయింది. ఆడపిట్ట వచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది. ఆ పూట దాని మీద మాకు కలిగిన జాలి, నిజం చెప్పాలంటే, మా మీద మాకు కలిగిన జాలే. మరునాడు వెళ్ళి చూస్తే అది పక్క కొమ్మకు కొత్త ముడి వేస్తోంది.

మన పల్నాటి వినుకొండలో 1895లో జన్మించిన మహాకవి గుర్రం జాషువా ఈ పిట్ట మీదనే 'గిజిగాడు' ఖండిక రచించారు. బడిలో ఆ పద్యాలు కంఠస్థం చేసి, మార్కులు తెచ్చుకుని మరచిపోయాము. కులం పేరిట అవమానాలు భరించిన ఆ కవి ఒక పిట్ట పనితనాన్ని ఎంత తీరికగా, ఎంత ప్రేమగా చూసి ఉంటారో మోటబావి గట్టున కూర్చున్నాక గాని మాకు తోచలేదు.

ఇదే పిట్టను బొంబాయి ముస్లిం కుటుంబంలో 1896లో పుట్టిన సలీం అలీ మరో విధంగా చూశారు. 1930లో జర్మనీ నుండి శిక్షణ ముగించుకుని తిరిగి వచ్చేసరికి ఆయన ఉద్యోగం లేకుండా పోయింది. భార్య తహ్మీనాతో కలిసి అలీబాగ్ దగ్గరి కిహిం అనే సముద్రతీర గ్రామానికి చేరారు. అక్కడ ఇంటి సమీపాన గిజిగాళ్ళ గూళ్ళు కనబడ్డాయి. చేతిలో పని లేని ఆ వానాకాలంలో వాటిని చూస్తూ రాసుకున్న పరిశీలనే ఆయనకు పేరు తెచ్చింది. మగపిట్ట ఒక గూటితో తృప్తి పడక, ఒకదాని వెనుక ఒకటిగా గూళ్ళు కట్టి పలు కాపురాలు పెడుతుందని లోకానికి వివరించినది ఆయనే. మరుసటి ఏడాది నుండే హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వేకు పూనుకున్నారు.

ఇది చదివాక మేము కూడా మిరప లెక్కల పుస్తకం చివరి పేజీలలో రాయడం మొదలుపెట్టాము. "ఈ రోజు మూడు గూళ్ళు. ఒకటి సగం. గాలికి ఊగుతున్నా లోపలి పిట్ట బయటికి రాలేదు." ఇంతే. బాకీ అంకెలు అదే పుస్తకం మొదటి పేజీలలో ఉండేవి. గట్టు మీద ఉన్నంతసేపు అవి జ్ఞాపకం రాలేదు. కొన్నాళ్ళకు ఆ పొడి మాటలకే లయ కుదిరింది. ఏడాది తర్వాత తొలి పద్యం అలా వచ్చింది.

ఇంతలో తుమ్మచెట్టుకే బేరం వచ్చింది. నీడకు మిరప ఎదగదని, కట్టెల వ్యాపారికి భాయీజాన్ మాట ఇచ్చారు. డబ్బు అవసరం మాకూ తెలుసు. అయినా, "భాయీజాన్, పిట్టపిల్లలు ఎగిరే దాకా ఆగండి" అన్నాము.

"పిట్టలు బాకీ తీరుస్తాయా?" అన్నారాయన.

మా దగ్గర జవాబు లేదు. బియ్యం ఏరుతున్న అమ్మీ తల ఎత్తకుండానే ఒక హదీసు గుర్తు చేశారు. ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక పిట్ట పిల్లలను పట్టుకుంటే, తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరిగింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లలను తల్లికి తిరిగి ఇప్పించారు. భాయీజాన్ మరేమీ అనలేదు. చిత్త కార్తె వెళ్ళాక రమ్మని వ్యాపారికి కబురు పంపారు.

చిత్త కార్తె వెళ్ళింది. గూళ్ళు ఖాళీ అయ్యాయి. వ్యాపారి గొడ్డలితో వచ్చిన రోజు భాయీజాన్ చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, చేను మీది కొమ్మలు మాత్రమే కొట్టమన్నారు. బావి మీదికి వంగిన కొమ్మ అలాగే ఉంది. బాకీ కూడా కొంత ఉంది.

రాలిన గూడు ఒకటి మా వసారాలో వేలాడదీశాము. మా చిన్నమ్మాయి దాని గొట్టంలో చేయి దూర్చి, "అబ్బా, ఇంత సన్నటి దారి లోపల తిరగకుండా పైకప్పు ఎలా అల్లింది?" అని అడిగింది. తొలకరి దాకా ఆగు, ఇద్దరం కలిసి చూద్దామన్నాము.