బొమ్మ బాగా రావక్కర్లేదు

పిల్లలు తొమ్మిదో తరగతికి రాగానే మన ఇళ్లలో ముందుగా అటకెక్కేవి రంగుల డబ్బా, సంగీతం క్లాసు. ‘చదువయ్యాక చూద్దాంలే’ అంటాం. మరోపక్క ‘ఆర్ట్ థెరపీ’ పేరు తగిలించిన సమ్మర్ క్యాంపులకూ, రంగులు నింపే పుస్తకాలకూ డబ్బు పెడుతున్నాం. ఇంట్లో మాన్పించినదాన్నే బయట కొంటున్నామన్నమాట. ఇంతకీ ఇందులో నిజంగా పనికొచ్చేది ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, జబ్బుల నివారణలోనూ, చికిత్సకు తోడుగానూ కళలకు పాత్ర ఉందని చెప్పింది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 మంది పెద్దవాళ్లకు రంగులు, బంకమట్టి ఇచ్చి 45 నిమిషాలు తోచింది చేయమన్నారు. ఆ వివరాలు 2016లో వెలువడ్డాయి. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ సుమారు 75 శాతం మందిలో తగ్గింది. కళలో అనుభవం ఉన్నవారికీ, లేనివారికీ పెద్ద తేడా కనిపించలేదు. చిన్న అధ్యయనమే అయినా మనకో సూచన ఇస్తోంది: మేలు చేసేది బొమ్మ అందం కాదు, వేయడం.

అందుకే పిల్లలు బొమ్మ వేస్తుంటే పక్కన కూర్చుని దిద్దకండి. పోటీలు, బహుమతులు అంటే అదీ మరో పరీక్షే అవుతుంది. రోజుకో అరగంట వదిలేయండి. మీరూ ముగ్గో, కుట్లో, పాటో మళ్లీ మొదలుపెట్టండి.

మనసులో మాట కాగితం మీద పెట్టడమూ ఇలాంటిదే. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ బృందం కాలేజీ విద్యార్థులతో వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమ బాధల గురించి రాయించింది. ఆ భావాలను, జరిగినదాన్ని కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే మనసు బరువెక్కింది కూడా. మీకు భరించలేనట్టుగా ఉంటే ఆపేయండి.

ఇవన్నీ మంచి అలవాట్లు. థెరపీ వేరు. అది శిక్షణ పొందిన నిపుణులు ఒక లక్ష్యంతో చేసే చికిత్స. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆర్ట్ థెరపిస్టులనూ వృత్తుల జాబితాలో చేర్చింది. కాబట్టి ఫీజు కట్టే ముందు ఎక్కడ, ఎంతకాలం శిక్షణ పొందారో అడగండి. ‘మందులు మానేయండి, రంగులు చాలు’ అనేవారి దగ్గరికి వెళ్లకండి.

నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి. చనిపోవాలన్న మాట వినిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. రంగుల డబ్బా చికిత్సకు తోడు మాత్రమే, బదులు కాదు. అలాగని దాన్ని అటక మీదే ఉంచనక్కర్లేదు.