తూటా మార్చడమంటే బ్యారెల్ మార్చడమేనా?

పాత ఇన్సాస్ రైఫిళ్లకు బ్యారెల్ మార్చి 7.62 తూటాకు సిద్ధం చేసుకోవచ్చు కదా, వేల కోట్లు పోసి కొత్తవి కొనడం దేనికి? రిటైరయ్యాక నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే.

అమెరికాలో వేటగాళ్లు ఈ పని ఇష్టంగా చేస్తారు. ఉన్న కేసు మెడను వెడల్పు చేసో, కుదించో, వేరే సైజు బుల్లెట్ అమర్చి, దానికి తగ్గ బ్యారెల్ బిగిస్తారు. ఫ్యాక్టరీ ప్రమాణాల్లో లేని ఇలాంటి తూటాను 'వైల్డ్‌క్యాట్' అంటారు. .300 విస్పర్ అలా పుట్టిందే. దాని అడుగుజాడల్లో వచ్చిన .300 బ్లాకౌట్‌కు 2011లో అక్కడ ప్రామాణిక గుర్తింపు దక్కింది. 5.56 రైఫిల్ బోల్ట్, మ్యాగజీన్ అవే ఉంటాయి, బ్యారెల్ ఒక్కటే మారుతుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. ఈ తూటా పొరపాటున 5.56 బ్యారెల్‌లోకి వెళ్తే, లావు బుల్లెట్ సన్న గొట్టంలో ఇరుక్కుని రైఫిల్ చేతిలోనే పగిలిపోవచ్చు. వేటగాడు తన తూటాలు తానే చూసుకుంటాడు. అర్ధరాత్రి మంచులో మొద్దుబారిన వేళ్లతో మ్యాగజీన్ నింపే జవాను సంగతి?

'1962 తర్వాత .303ను 7.62కు మార్చుకున్నాం కదా' అని కొందరంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఎన్‌సీసీలో .303 పేల్చిన అలవాటుతో మొదటిసారి 2ఎ1 చేతికి తీసుకున్నప్పుడు పాత మిత్రుణ్ని కలిసినట్టనిపించింది. 'మొహమే పాతది సాబ్, ఎముకలు కొత్తవి' అన్నాడు ఆర్మరర్ హవల్దార్. నిజమే. ఈశాపూర్ ఫ్యాక్టరీ పాత రైఫిళ్లను తొలిచి ఇవ్వలేదు. లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాలోనే కొత్తవి చేసింది. 7.62 తూటా పీడనం ఎక్కువ కనుక మేలైన ఉక్కు వాడింది. .303కు అడుగున ఉండే పొడుచుకొచ్చిన అంచు దీనికి లేదు కనుక మ్యాగజీన్, ఎక్స్‌ట్రాక్టర్ మార్చింది. 2ఎ1లో సైట్‌ను కూడా 800 మీటర్లకు కుదించింది.

ఇన్సాస్ విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఏకే తూటా అడుగు 5.56 కన్నా లావు, ఒళ్లు ఏటవాలు. అంటే బోల్ట్, మ్యాగజీన్ రెండూ మారాలి. సిగ్ 716లో వాడే 7.62×51 అయితే పొడవు వల్ల ఇన్సాస్ మ్యాగజీన్‌లోనే పట్టదు. అంత మార్చాక మిగిలేది బట్ మాత్రమే!

బ్యారెల్ మారిస్తే 5.56, 7.62×39 రెండూ పేల్చగల రైఫిల్ కావాలని 2011లో మన సైన్యమే టెండరు పిలిచింది. నాలుగేళ్లు నడిచి, 2015లో అది రద్దయింది. ఆ కోరికే తప్పని నా అభిప్రాయం. సైనికుడు యుద్ధంలో బ్యారెల్ మార్చుకోడు, తూటా కోసం ఎదురుచూస్తాడు.

2019లో 72,400 సిగ్ రైఫిళ్లకు ఆర్డర్ ఇచ్చాం. 2021 డిసెంబరులో, కోర్వాలో 6 లక్షలకు పైగా ఏకే-203ల తయారీకి ఒప్పందం చేసుకున్నాం. ఇన్సాస్‌తో కలిపి మూడు రకాల తూటాలు, అందులో రెండింటి పేరూ 7.62. సరఫరా విభాగంలో పనిచేసినవారికి ఇది నవ్వులాట కాదు. అమెరికా 2022లో కొత్త 6.8 రైఫిల్ ఎంచుకున్నప్పటి నుంచి, మనకూ అలాంటిది కావాలన్న మాట వినిపిస్తోంది. అడగవచ్చు. కాకపోతే ఈసారి రైఫిల్ టెండరు కన్నా ముందు ఆ తూటా ఏ ఫ్యాక్టరీలో, ఏడాదికి ఎన్ని కోట్లు తయారవుతుందో రక్షణ శాఖ కాగితం మీద పెట్టాలి.